ఆ కార్బన్ ఎవరిది? గుహ సమాధుల వయసు తేల్చే లెక్క

1823 జనవరిలో విలియం బక్లాండ్ దక్షిణ వేల్స్ తీరంలోని పావిలాండ్ గుహలో ఒక అస్థిపంజరాన్ని తవ్వి తీశాడు. తల లేదు. మిగిలిన ఎముకలన్నీ జేగురు అంటుకుని ఎర్రబారి ఉన్నాయి. తొడ ఎముక దగ్గర గుప్పెడు చిన్న సముద్రపు గుల్లలు, పక్కటెముకల దగ్గర మామత్ (మంచుయుగపు భారీ ఏనుగు) దంతంతో నున్నగా చెక్కిన పుల్లల ముక్కలు కనిపించాయి. బక్లాండ్ ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పే ఆచార్యుడు, మతాధికారి కూడా. బైబిల్ చెప్పే ప్రళయానికి ముందు అక్కడ మనుషులు ఉండే వీల్లేదని ఆయన నమ్మకం. అందుకే ఇది రోమన్ల కాలపు స్త్రీ అయి ఉంటుందని తేల్చేశాడు. ‘పావిలాండ్ ఎర్ర మహిళ’ అన్న పేరు అలా పడింది, ఇప్పటికీ పోలేదు.

నిజానికి ఆ ఎముకలు ఒక యువకుడివి. రోమన్ల కాలం కూడా చాలా చాలా తర్వాతిది. 1960లలో తొలిసారి రేడియోకార్బన్ పరీక్ష చేస్తే 18,460 సంవత్సరాలు అని వచ్చింది. 1980లు, 90లలో మళ్లీ చేస్తే 26,000 దగ్గర తేలింది. 2008లో మరింత గట్టిగా శుద్ధి చేసి కొలిస్తే 29,000 దాకా వెళ్లింది. దాన్ని మన క్యాలెండర్ లెక్కలోకి మారిస్తే సుమారు 33,000 నుంచి 34,000 ఏళ్లు. మనిషి ఒక్కడే, పరీక్ష వెనుక ఉన్న భౌతికశాస్త్రమూ ఒక్కటే. వయసు మాత్రం నలభై ఏళ్లలో పదివేల ఏళ్లకు పైగా జరిగింది.

ఈ తేడా పుస్తకంలో ఒక అంకె దిద్దుకుంటే సరిపోయేది కాదు. మొదటి అంకె ప్రకారం ఆ యువకుడు మంచుయుగం బాగా ముదిరి, మంచు పలకలు ఆ ప్రాంతానికి బాగా దగ్గరగా వచ్చిన రోజుల్లో బతికి ఉండాలి. అంత చలిలో అక్కడ ఎవరున్నారు, ఎందుకున్నారు, శవాన్ని ఇంత శ్రద్ధగా పూడ్చే తీరిక ఎలా వచ్చింది అని పండితులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. తాజా వయసు ప్రకారం అది చలి కాస్త తగ్గిన ఒక వ్యవధిలోకి వస్తుంది. పాత ప్రశ్న దానంతటదే పోయింది. తప్పు తేదీ ఒకటి పడితే దాని చుట్టూ లేని చరిత్ర అల్లుకుంటుందనడానికి పావిలాండ్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

మరి పద్ధతి ఒకటే అయినప్పుడు అంకెలు ఎందుకు మారాయి? కొలిచే యంత్రం తనకిచ్చిన కార్బన్ వయసు చెబుతుంది, అంతే. ఆ కార్బన్ చనిపోయిన మనిషిదా, పక్కన కాలిన చెట్టుదా, మట్టిదా, మ్యూజియంలో పూసిన జిగురుదా అన్నది దానికి తెలియదు. గుహ సమాధుల డేటింగ్‌లో, అంటే వయసు తేల్చే పనిలో, కష్టమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఆ కార్బన్ ఎవరిది?

అసలు సూత్రం సులువైనదే. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల ప్రభావంతో వాతావరణం పైపొరల్లో నైట్రోజన్ నుంచి కార్బన్-14 పుడుతూ ఉంటుంది, రేడియోకార్బన్ అంటే ఇదే. అది కార్బన్ డయాక్సైడ్‌గా మారి మొక్కల్లోకి, మొక్కల్లోంచి జంతువుల్లోకి, మనుషుల్లోకి చేరుతుంది. మామూలు కార్బన్ పరమాణువులు లక్ష కోట్లు ఉంటే అందులో ఇది దాదాపు ఒక్కటి. బతికున్నంత కాలం తిండి ద్వారా కొత్తది వస్తూనే ఉంటుంది. ప్రాణం పోయాక రాక ఆగిపోతుంది, ఉన్నది తరుగుతుంది. 5,730 ఏళ్లకు సగం, ఇంకో 5,730 ఏళ్లకు ఆ సగంలో సగం. మిగిలింది ఎంతో కొలిస్తే ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో విల్లార్డ్ లిబ్బీ బృందం 1940ల చివర్లో దీన్ని ఆచరణలోకి తెచ్చింది. 1960లో లిబ్బీకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

తొలినాళ్ల పద్ధతిలో కార్బన్-14 పరమాణువులు విచ్ఛిన్నమైనప్పుడల్లా వచ్చే సంకేతాన్ని లెక్కపెట్టేవారు. ఇప్పటి జీవి నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో నిమిషానికి పద్నాలుగు దాకా వస్తాయి. ముప్పై వేల ఏళ్ల నాటి ఎముకలోంచి తీసిన గ్రాములో అయితే మూడు నిమిషాలకు ఒకటి. ఆ ఒక్కదాని కోసం రోజుల తరబడి కాచుకోవాలి, అందుకు ఎముకను పెద్ద ముక్కగా కోయాలి. 1970ల చివర్లో యాక్సిలరేటర్ పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది. విచ్ఛిన్నమయ్యేదాకా ఆగకుండా, ఉన్న కార్బన్-14 పరమాణువులనే నేరుగా లెక్కపెట్టేస్తారు. ఒక్క మిల్లీగ్రాము కొత్త కార్బన్‌లో అవి ఆరు కోట్ల దాకా ఉంటాయి. పావిలాండ్ యువకుడి వయసు వచ్చేసరికి అందులో పది లక్షలు మిగులుతాయి. లెక్కకు అవి చాలు. ఒక మ్యూజియం తన అపురూపమైన అస్థిపంజరంలోంచి చిటికెడు పొడి ఇవ్వడానికి ఒప్పుకుంటుంది కానీ, సగం తొడ ఎముక ఇవ్వమంటే ఒప్పుకోదు. గుహ సమాధుల ఎముకలను నేరుగా డేటింగ్ చేయడం మామూలు విషయం అయిందంటే ముఖ్య కారణం ఇదే.

అంతకు ముందు ఏం చేసేవారు? సమాధి పక్కన దొరికిన బొగ్గును కొలిచేవారు. లేదా ఎముక ఏ పొరలో ఉందో చూసి, ఆ పొర వయసునే మనిషికి అంటగట్టేవారు. చూడ్డానికి ఇందులో తప్పేమీ కనబడదు. కింది పొర పాతది, పై పొర కొత్తది, మధ్యలో ఉన్నది మధ్యకాలానిది. అయితే సమాధి అంటేనే గొయ్యి. ఒకరు పైపొర మీద నిలబడి కింది పొరల్లోకి తవ్వి, శవాన్ని ఉంచి, తవ్విన మట్టినే మళ్లీ కప్పారు. అంటే శవం చుట్టూ ఉన్న మట్టి, అందులోని బొగ్గు, రాతి పనిముట్లు అన్నీ ఆ శవం కంటే పాతవి కావచ్చు. వేల ఏళ్లు పాతవీ కావచ్చు. పైగా గుహల్లో ఎలుగుబంట్లు గీరుతాయి, కుందేళ్లు, నక్కలు బొరియలు తవ్వుతాయి, వాన నీరు సందుల్లోంచి మట్టిని జార్చుకుపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో తవ్విన వాళ్లయితే పారలతో ఎత్తిపోశారు. ఏది ఎక్కడ ఉండేదో రాసుకున్న కాగితం కూడా చాలా చోట్ల లేదు.

జర్మనీలోని ఫోగెల్‌హెర్డ్ గుహ దీనికి పెద్ద పాఠం. 1931లో అక్కడ తవ్వినప్పుడు మామత్ దంతంతో చెక్కిన గుర్రం, మామత్ లాంటి బొమ్మలు బయటపడ్డాయి. ముప్పై వేల ఏళ్లు దాటిన కళ అది, ప్రపంచంలోనే అతి పాతవైన శిల్పాల్లో చేరుతుంది. ఆ పాత పొరలతో ముడిపెట్టిన మనిషి ఎముకలు కూడా దొరికాయి. ఇంకేముంది, బొమ్మలు చెక్కింది మనలాంటి ఆధునిక మానవులే అనడానికి అవే సాక్ష్యం అయ్యాయి. డెబ్బై ఏళ్ల పాటు పాఠ్యపుస్తకాలు అదే చెప్పాయి. 2004లో ఆ ఎముకలనే నేరుగా డేటింగ్ చేశారు. 3,900 నుంచి 5,000 రేడియోకార్బన్ సంవత్సరాలు అని వచ్చింది. వ్యవసాయం వచ్చాక బతికిన మనుషులు తమవాళ్లను ఆ గుహలో పూడ్చుకున్నారు, గొయ్యి పాత పొరల్లోకి దిగింది. బొమ్మల వయసు అలాగే ఉంది. వాటిని చెక్కిన చేతులకు సాక్ష్యం అనుకున్న ఎముకలు మాత్రం ఆ వాదనలోంచి తప్పుకున్నాయి.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. అమెరికాలోని నెవాడాలో స్పిరిట్ గుహ బాగా పొడిగా ఉండే చోటు. 1940లో అక్కడ తుంగతో అల్లిన చాపలు చుట్టిన ఒక పురుషుడి దేహం దొరికింది, చర్మం, జుట్టు కొంత మిగిలే ఉన్నాయి. అల్లిక అంత చక్కగా నిలిచి ఉండటం చూసి రెండు వేల ఏళ్లకు మించదనుకుని మ్యూజియంలో దాచారు. 1990లలో యాక్సిలరేటర్ పద్ధతిలో కొలిస్తే 10,000 ఏళ్లు దాటింది. కంటికి కనిపించే తాజాదనం కాలానికి కొలబద్ద కాదు.

ఇక ఎముక లోపలికి వెళ్దాం. ఎముకలో రెండు రకాల పదార్థం ఉంటుంది: గట్టిదనం ఇచ్చే ఖనిజం, దాన్ని పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్. ఖనిజంలోనూ కార్బన్ ఉంది. అయితే సున్నపురాయి గుహలో నీరు కారుతూ ఉంటే ఆ నీటిలో కరిగిన కార్బొనేటు ఎముక ఖనిజంలోకి చొరబడుతుంది. అందుకే దాన్ని యాసిడ్‌తో కరిగించి పారేస్తారు. ఆ తర్వాత మిగిలేది ఒక మెత్తటి, పారదర్శకమైన పదార్థం. బాగా నిలిచిన ఎముకైతే అసలు ముక్క ఆకారం అలాగే ఉంటుంది, పట్టుకుంటే రబ్బరులా వంగుతుంది. అదే కొలాజెన్. తర్వాత మట్టిలోంచి అంటిన హ్యూమిక్ ఆమ్లాలను క్షారంతో కడుగుతారు. మళ్లీ యాసిడ్, ఆపై వేడి నీటిలో జెలటిన్‌గా కరిగించడం. ఇంకా నమ్మకం కావాలంటే సన్నటి ఫిల్టర్‌లోంచి పంపి, పెద్ద అణువులను మాత్రం ఉంచుకుని, చిన్నా చితకా ముక్కలను వదిలేస్తారు. పావిలాండ్ వయసును 2008లో మార్చింది ఈ వడపోతే. ఆ ఫిల్టర్ పొరకు తయారీలోనే గ్లిజరిన్ పూత ఉంటుంది. దాన్ని ముందే కడిగేయకపోతే ఆ గ్లిజరిన్‌లోని కార్బన్ కూడా లెక్కలో చేరుతుంది. శుభ్రం చేసే పరికరమే మురికి చేయగలదు. అంత సున్నితమైన పని ఇది.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది. పది వేల ఏళ్ల ఎముకలో ఒక శాతం కొత్త కార్బన్ కలిసిందనుకుందాం. ఫలితం రెండు వందల ఏళ్లు తగ్గుతుంది, పెద్ద ప్రమాదం లేదు. నలభై వేల ఏళ్ల ఎముకలో అదే ఒక శాతం కలిస్తే ఫలితం దాదాపు 33,000 అని వస్తుంది. ఏడు వేల ఏళ్లు ఎగిరిపోతాయి! పాత ఎముకలో సొంత కార్బన్-14 ఒక శాతం కంటే తక్కువే మిగిలి ఉంటుంది కాబట్టి, బయటి నుంచి వచ్చిన ఒక శాతం దాన్ని మింగేస్తుంది. పావిలాండ్‌లో 29,000 రావాల్సిన చోట 18,460 రావాలంటే ఏడెనిమిది శాతం కొత్త కార్బన్ కలిస్తే చాలు. అందుకే కాలం వెనక్కి వెళ్లేకొద్దీ పాత ఫలితాలు ఎక్కువగా ఒకే వైపుకు తప్పాయి: ఉన్న వయసు కంటే చిన్నగా చూపించాయి. 1970లు, 80లలో వచ్చిన ముప్పై వేలకు పైబడిన తేదీ ఏదైనా మళ్లీ కొలవకుండా వాడకూడదన్నది ఈ రంగంలో ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునే మాట, ఒప్పుకోవాల్సిన మాట కూడా.

బెల్జియంలోని స్పీ గుహలో 1886లో దొరికిన నియాండర్తల్ (మనకు దగ్గరి బంధువులైన, అంతరించిన మానవులు) ఎముకల కథ వింటే ఈ కలుషితం ఎంత దగ్గరలో పొంచి ఉంటుందో తెలుస్తుంది. ఆ ఎముకల్లో కొన్నింటికి వచ్చిన తేదీలు మరీ చిన్నవి. వాటిని నమ్మితే మిగతా చోట్ల కనుమరుగైన చాలా కాలం తర్వాత కూడా నియాండర్తల్‌లు అక్కడ బతికున్నట్టే. తర్వాత ఒక భుజపు ఎముకలో డీఎన్ఏ చూస్తే అందులో పశువుల డీఎన్ఏ బయటపడింది. పెళుసు ఎముకలు విరిగిపోకుండా ఒకప్పుడు ఎవరో జిగురు పూశారు. ఆ జిగురు పశువుల ఎముకలను ఉడికించి తీసినది. అంటే కొలిచిన కొలాజెన్‌లో కొంత పందొమ్మిదో, ఇరవయ్యో శతాబ్దపు ఆవుదో ఎద్దుదో. 2021లో వెలువడిన కొత్త పరిశీలన స్పీతో సహా ఆ ప్రాంతపు నియాండర్తల్‌ల చివరి రోజులను 44,200 నుంచి 40,600 ఏళ్ల మధ్యకు జరిపింది. ఆ ఎముకలను కాపాడాలనుకున్న మనిషి ఎంత ప్రేమగా పూత పూసి ఉంటాడో! ఏం పూశాడో రాసిపెట్టి ఉంటే ఇంకా మేలు జరిగేది.

ఈ జిగురు సమస్యను పూర్తిగా దాటే దారి ఇంకా లేదు. కొలాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. మట్టిలోనూ, మిగతా కలుషితాల్లోనూ అది దాదాపు ఉండదు. దాన్నొక్కదాన్నే వేరు చేసి కొలిస్తే, ఆ కార్బన్ కొలాజెన్‌ది అని గట్టిగా చెప్పొచ్చు. చివరకు మిగిలిన అనుమానం ఒక్కటే, అది ఎవరి కొలాజెన్? ఎముకల జిగురులోనూ హైడ్రాక్సీప్రోలిన్ ఉంటుంది మరి.

శుద్ధి అంతా సవ్యంగా జరిగి, కార్బన్ అచ్చంగా ఆ మనిషిదే అని తేలాక కూడా ప్రశ్న ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది: ఆ మనిషికి ఆ కార్బన్ ఎక్కడి నుంచి వచ్చింది? సముద్రపు నీటిలో కార్బన్ వాతావరణంతో వెంటనే కలవదు, లోతుల్లో శతాబ్దాల పాటు తిరుగుతుంది. అందుకే ఇవాళ పట్టిన చేప కూడా రేడియోకార్బన్ లెక్కలో సగటున నాలుగు వందల ఏళ్ల పాతదిగా కనిపిస్తుంది. చేపలు, గుల్లలు ఎక్కువగా తిన్న మనిషి ఎముక కూడా తన నిజమైన వయసు కంటే పాతగా పలుకుతుంది. ఇటలీలోని అరెనే కాండిదే గుహలో 1942లో దొరికిన కుర్రాడిని ‘రాజకుమారుడు’ అంటారు. తల చుట్టూ వందల గుల్లలు, చేతి దగ్గర పొడవాటి చెకుముకి రాతి కత్తి. అతని తిండిలో ఐదో వంతు, అంతకు కాస్త ఎక్కువ సముద్రం నుంచే వచ్చిందని ఎముకలోని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) చెప్పాయి. అలాంటి చోట తేదీని దిద్దుకోవాలి.

నదుల్లో అయితే లెక్క ఇంకా చిక్కు, ఎందుకంటే ఒక్కో నదిది ఒక్కో తీరు. డాన్యూబ్ నది ఐరన్ గేట్స్ లోయలో కొన్ని రాతియుగపు సమాధుల్లో మనిషి ఎముకలతో పాటు గడ్డి తినే జంతువుల ఎముకలతో చేసిన ములుకులు కూడా దొరికాయి. చావు ఒకటే, గొయ్యి ఒకటే. కొలిస్తే మనిషి ఎముక ములుకు కంటే కొన్ని వందల ఏళ్లు పాతదిగా వచ్చింది. నదీ చేపలు తినడమే కారణం. అది గుహ కాదు, బయటి సమాధులే. కానీ ఈ సమస్యను ఇంత స్పష్టంగా చూపిన చోటు మరొకటి లేదు. గుహ సమాధుల తేదీలతో పాటు ఇప్పుడు తిండి ఎక్కడిదో చెప్పే కార్బన్-13, నైట్రోజన్-15 కొలతలు కూడా ప్రచురించాలని అడగడం దీని వల్లే.

కొలాజెన్ అసలే మిగలకపోతే? ఫ్రాన్స్‌లో 1868లో దొరికిన క్రో-మాన్యోన్ ఎముకలదే ఆ పరిస్థితి. ఒక జాతి మొత్తానికి పేరిచ్చిన ఆ ఎముకలను నేరుగా కొలవడానికి తగినంత కొలాజెన్ లేదు. వాటితో దొరికిన ఒక సముద్రపు గుల్లను కొలిచి 27,680 అని చెప్పారు. ఆ గుల్ల నిజంగా ఆ శవాలతో పెట్టిందే అన్న ఊహ మీద ఆ తేదీ నిలబడి ఉంది. వేడి దేశాల గుహల్లో ఈ నష్టం మరీ ఎక్కువ, వేడికి కొలాజెన్ త్వరగా చితికిపోతుంది. చల్లగా, ఏడాది పొడుగునా ఒకే ఉష్ణోగ్రతతో ఉండే సున్నపురాయి గుహలు ఎముకలను బాగా దాచాయి. మనకు తెలిసిన నమ్మకమైన తేదీల్లో ఎక్కువ భాగం యూరప్ గుహలవి కావడానికి ఇదొక కారణం. అది అక్కడి వాతావరణం గురించి చెప్పే విషయం. పాతకాలపు మనుషులు ఎక్కడ ఎక్కువగా చనిపోయినవాళ్లను పూడ్చారన్న దానికి అది కొలత కాదు.

యంత్రం ఇచ్చిన అంకెను అలాగే వాడకూడదని ఇందాక పావిలాండ్ దగ్గరే చూశాం: 29,000 అనేది 33,000 దాటింది. వాతావరణంలో కార్బన్-14 మోతాదు ఎప్పుడూ ఒకేలా లేదు. భూమి అయస్కాంత క్షేత్రం బలహీనపడితే కాస్మిక్ కిరణాలు ఎక్కువగా దూరి, అది ఎక్కువగా పుడుతుంది. 41,000 ఏళ్ల కిందటి ప్రాంతంలో అలాగే జరిగింది. అందుకని ముడి అంకెను, వయసు వేరే దారిలో తెలిసిన వస్తువులను కొలిచి గీసిన ఒక క్రమాంకన వక్రరేఖతో పోల్చి దిద్దుతారు. దాదాపు పద్నాలుగు వేల ఏళ్ల వరకు చెట్ల వలయాలే ఆధారం. ఇంకా వెనక్కి వెళ్తే జపాన్‌లోని సుయిగెట్సు సరస్సు అడుగున ఏటేటా పేరుకున్న సన్నటి పొరలు, చైనాలోని హులు గుహలో పెరిగిన సున్నపు స్తంభాలు ఆసరా. ఒక గుహలో పూడ్చిన మనిషి వయసు తెలియాలంటే వేల మైళ్ల దూరంలో మరో గుహలో చుక్క చుక్కగా పెరిగిన రాయిని అడగాల్సి వస్తోంది. 2020 నాటి వక్రరేఖ 55,000 ఏళ్ల వరకు వెళ్తుంది. ఈ లెక్కల్లో ‘ఇప్పటికి ఇన్నేళ్ల కిందట’ అంటే 1950కి అని అర్థం, ఆ తర్వాత అణుపరీక్షలు వాతావరణంలో కార్బన్-14ను అమాంతం పెంచేశాయి.

యాభై వేల ఏళ్లు దాటితే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. అప్పటికి మిగిలేది మొదట్లో ఉన్న దానిలో నాలుగు వందల వంతు కూడా ఉండదు. కెన్యాలోని పాంగా యా సైదీ గుహలో దొరికిన రెండున్నర, మూడేళ్ల బిడ్డ సమాధి 78,000 ఏళ్ల నాటిది. ఇజ్రాయెల్‌లోని కాఫ్జే గుహ సమాధులు 90,000 ఏళ్లకు పైబడినవి. వాటి వయసు చెప్పింది మట్టి రేణువుల్లో, కాలిన రాళ్లలో దాగిన శక్తిని కొలిచే వేరే పద్ధతులు. అక్కడ మళ్లీ మనిషిని వదిలి చుట్టూ ఉన్న మట్టినీ రాయినీ అడగాల్సిందే. ఫోగెల్‌హెర్డ్‌లో ఎదురైన ప్రశ్నే అక్కడా ఎదురవుతుంది, అందుకే గొయ్యి అంచులు ఎక్కడున్నాయో అంగుళం అంగుళం చూస్తారు.

నేరుగా ఎముకనే కొలవగలిగితే తేదీ ఒక్కటే మారదు. పోర్చుగల్‌లోని లాగార్ వెల్యో అనే చోట, కొండ చరియ కింద, 1998లో నాలుగైదేళ్ల పిల్లవాడి సమాధి బయటపడింది. ఎముకలు జేగురుతో ఎర్రబడి ఉన్నాయి. మెడ దగ్గర తొలిచిన గుల్ల. కింద కాలిన పైన్ కొమ్మ బొగ్గు, పక్కన ఎర్ర జింక ఎముకలు, కాళ్ల మీద కుందేలు పిల్ల ఎముకలు. ముందు కొమ్మను కాల్చి, ఆపై పిల్లవాడిని పడుకోబెట్టి, మాంసం నైవేద్యంగా పెట్టారని ఒక చిత్రం రూపుదిద్దుకుంది. పిల్లవాడి ఎముకలో కొలాజెన్ మరీ తక్కువ. ప్రయత్నించిన ప్రతిసారీ డేటింగ్ విఫలమైంది. 2025లో హైడ్రాక్సీప్రోలిన్ పద్ధతితో చేతి ఎముకను కొలవగలిగారు, సుమారు 28,000 ఏళ్లు వచ్చింది. ఆ అంకెతో మిగతావాటిని పోల్చారు. బొగ్గు పిల్లవాడి కంటే పాతది. జింక ఎముకలూ పాతవే. అవి ఆ సమాధిలో పెట్టినవి కావు, గొయ్యి తవ్వేటప్పటికే అక్కడ ఉన్నవి. కుందేలు వయసు మాత్రం పిల్లవాడి వయసుతో సరిపోయింది.